గాలిలో గెట్టు పంచాయితీ

పొలానికి గెట్టు వుంటుంది. ఇంటికి గోడ వుంటుంది. ఊరికి పొలిమేర వుంటుంది. గాలికి కూడా గెట్లు వున్నాయనీ, ఆ గెట్లకోసం దేశాలకి దేశాలే కూర్చుని పంచాయితీలు చేసుకున్నాయనీ మన నాయనమ్మలతో అంటే "పిల్లకి చదువెక్కువైంది" అని నవ్వి వూరుకునేవారు. ఇవాళ ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. గోదావరిఖని లక్ష్మీనగర్ బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాణ్ణి అడిగితే చాలు. కొడుకు దుబాయినించి పంపించిందో, అల్లుడు అమెరికానించి తెచ్చిందో, అద్దంలా తళతళలాడే ఫోను తెచ్చి అతని బల్లమీద పెట్టి "కొత్తదే బిడ్డా, మంచి కంపెనీదే, కానీ మాట వస్తలేదు" అనే తల్లులు అతనికి కొత్తకాదు. అతను సిమ్ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి, ఏవో నాలుగు చోట్ల నొక్కి చూసి, చివరికి తీర్పు చెబుతాడు: "ఫోన్ మంచిదే అమ్మా. మన దగ్గర బ్యాండ్ కలుస్తలేదు."

బ్యాండంటే పెళ్ళి ఊరేగింపులో వాయించేదొక్కటే తెలిసిన తల్లికి ఆ తీర్పు బోధపడదు. వేలకి వేలు పోసి కొన్న వస్తువు, అక్కడ గలగలా మాట్లాడిన వస్తువు, సముద్రం దాటి వచ్చేసరికి మూగనోము పట్టడమేమిటి? బంగారం దుబాయిలో కొన్నా గోదావరిఖనిలో బంగారమేగా!

దీనికి సరైన జవాబు చెప్పాలంటే నూట అరవయ్యేళ్ళ చరిత్ర తిరగెయ్యాలి. కంగారుపడకండి, తొందరగానే తిరగేద్దాం.

ముందు మన పాత రేడియోని ఒకసారి తలుచుకోండి. గూట్లో గుడ్డ కప్పుకుని దేవుడి పటంలా కూర్చునేది. దాని ముఖంమీద మీడియం వేవ్, షార్ట్ వేవ్ అంటూ వరసలు, వాటి పక్కన అంకెలు, మధ్యలో ఎర్రటి ముల్లు. ఆ ముల్లు ఒకచోట ఆగితే హైదరాబాదు వార్తలు. ఇంకోచోట ఆగితే వివిధభారతి. మరోచోట సిలోన్‌నించి మీనాక్షీ పొన్నుదురైగారి తీయని తెలుగు, వెనకాలే పాట. ముల్లు వెంట్రుకవాసి పక్కకి జరిగిందా, పాట పోయి గరగర మిగిలేది. గాలి ఒక పెద్ద మాగాణి అనుకుంటే, ఒక్కో కేంద్రానికి అందులో ఒక్కో మడి. మడికీ మడికీ మధ్య గెట్టు. ఆ మడులనే ఇప్పటి పిల్లలు బ్యాండ్లంటున్నారు.

సెల్‌ఫోను కూడా రేడియోయే. కాకపోతే పాత రేడియో వినడమే ఎరుగును, ఇది వింటుంది, మాట్లాడుతుంది కూడా. అంచేత దానికి మడులు జతలుగా కావాలి: మన గొంతు టవరుకి పోవడానికి ఒకటి, టవరునించి అవతలివాళ్ళ గొంతు రావడానికి ఒకటి. ఇంకో తేడా వుంది. రేడియో ముల్లు మన చేతిలో వుండేది, ఎక్కడికి కావాలంటే అక్కడికి తిప్పుకునేవాళ్ళం. ఫోనులో ఏ మడులు వినపడాలో ఫ్యాక్టరీలోనే నిర్ణయమైపోతుంది. లోపల పెట్టని మడిని బయటినించి తిప్పి తెచ్చుకోలేం.

900 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 90 కోట్ల సార్లు వూగే తరంగమని అర్థం. దాని పొడవు అడుగుకి కాస్త పైన. 3500 మెగాహెర్ట్జ్ అయితే ఆ పొడవు నాలుగు వేళ్ళ వెడల్పుకి తగ్గుతుంది. పొడుగు తరంగం దూరం నడుస్తుంది, గోడలు దాటి ఇంట్లోకి వస్తుంది. పొట్టి తరంగం ఎక్కువ సరుకు మోస్తుంది కానీ తొందరగా అలిసిపోతుంది. కంపెనీ క్వార్టర్లో వాకిట్లో వుంటే సిగ్నల్ గీతలు నిండుగా కనిపించి, వంటింట్లోకి పోతే రెండే మిగలడంలో వున్న కిటుకు చాలావరకు ఇదే. ఇక బాయిలోకి దిగితే ఏ తరంగమూ వెంట రాదు. అంత మందం మట్టీ రాయీ బొగ్గూ దాటడం దాని తరం కాదు. వచ్చినా లాభంలేదు, మీథేన్ వాయువుకి నిప్పురవ్వ భయం వుంది కనక, బీడీ అగ్గిపెట్టెల్లాగే మామూలు ఫోను కూడా పైనే వుండిపోవాలి. బొగ్గుగని ఇంటిలో భర్త షిఫ్టులో వున్నంతసేపూ భార్యకి ఫోనుతో పనిలేదు. అతను పైకొచ్చాకే దాని ప్రాణం లేచొస్తుంది.

సరే, గాలిలో ఈ గెట్లు ఎవరు వేశారు?

1865లో పారిస్ నగరంలో ఇరవై దాకా యూరపు దేశాలు కూర్చుని అంతర్జాతీయ టెలిగ్రాఫు సంఘం పెట్టుకున్నాయి. అప్పటికి వైరులేని తంతి లేదు. తీగ ఒక దేశం సరిహద్దు దాటి ఇంకో దేశంలోకి పోతే వార్త ఆగకుండా వుండాలని వాళ్ళ తాపత్రయం. తరవాత గాలిలో వార్త పంపే విద్య వచ్చింది. 1906లో బెర్లిన్‌లో మొదటిసారి రేడియోకి సంబంధించిన ఒడంబడిక రాసుకున్నారు. ఓడలు ఆపదలో పడితే ఎవరి యంత్రమైనా ఎవరి పిలుపైనా అందుకోవాలన్నది అందులో ముఖ్యమైన షరతు. చూడండి, మొదట్లో ఉద్దేశం ఎంత మంచిదో!

1947 వేసవిలో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో పెద్ద సభ జరిగింది. ఇక్కడ మన దేశం రెండు ముక్కలై స్వతంత్రమవుతున్న రోజులవి. మన తెలంగాణ ఇంకా నిజాం ఏలుబడిలోనే వుంది. అక్కడ ఆ సభలో ప్రపంచపు గాలిని మూడు మండలాలుగా పంచారు. యూరప్, ఆఫ్రికా, అరబ్బు దేశాలు ఒకటో మండలం. ఉత్తర, దక్షిణ అమెరికాలు రెండో మండలం. మనమూ, మనకి తూర్పునున్న ఆసియా, ఆస్ట్రేలియా మూడో మండలం. పర్షియా గల్ఫుకి ఇవతలి ఒడ్డున ఇరాన్ మన మండలం. అవతలి ఒడ్డున దుబాయి, కువాయిట్, సౌదీ వేరే మండలం. అప్పుడు ఆ గీత గీసినవాళ్ళకి ఒక సంగతి తెలిసే అవకాశం లేదు. కొన్ని దశాబ్దాలు తిరిగేసరికి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల మగపిల్లలు ఆ గీతకి అవతలికి కూలికి పోతారనీ, వాళ్ళ తల్లులు గీతకి ఇవతల వుండిపోతారనీ.

గెట్టు వేరైతే ఏమవుతుందో మన ప్రాంతానికి రైలు ముందే నేర్పింది. కాజీపేట - బల్లార్షా లైను 1929 నాటికి పూర్తయి, మద్రాసునించి ఢిల్లీకి దారి కలిపింది. మన రామగుండం స్టేషను ఆ దారిలోదే. అది బ్రాడ్‌గేజి. అదే నిజాం రైల్వేలో సికింద్రాబాదునించి నిజామాబాదు మీదుగా మన్మాడు పోయే లైను మీటరుగేజి. మన్మాడులో బండి దిగి, సామాను దించి, బొంబాయి పోయే పెద్ద గేజి బండి ఎక్కాల్సిందే. మనిషీ మంచివాడే, బండీ మంచిదే, పట్టాల మధ్య ఎడం కలవదు. అంతెందుకు, పాత బాయిల్లో బొగ్గు టబ్బులు నడిచే పట్టాలు సన్ననివి. పైకొచ్చిన బొగ్గుని గూడ్సు వ్యాగన్లలోకి మళ్ళీ పొయ్యాల్సిందే. గనిలో పనిచేసినవాళ్ళకి బ్యాండు సంగతి చెప్పాలంటే ఇంతకన్నా మంచి పోలిక నాకు దొరకలేదు.

కరెంటుకీ ఈ బాధ తప్పలేదు. రామగుండం ఎన్టీపీసీలో పుట్టే కరెంటు సెకనుకి 50 సార్లు వూగుతుంది. పక్కనే మహారాష్ట్రలో పుట్టేదీ 50 సార్లే. కానీ దక్షిణాది గ్రిడ్డూ పడమటి గ్రిడ్డూ అడుగులో అడుగు వేసి నడిచేవి కావు. అందుకని చంద్రపూర్ జిల్లా భద్రావతి దగ్గర పెద్ద కేంద్రం కట్టి, ఒకవైపు కరెంటుని తిన్నని ప్రవాహంగా మార్చి, మళ్ళీ రెండోవైపు తాళానికి వూగేలా చేసి ఇటూ అటూ పంపేవారు. 2013 డిసెంబరు 31న రాయచూరు - షోలాపూరు లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డు మిగతా దేశంతో అడుగు కలిపింది. ఒక దేశంలోనే అడుగు కలవడానికి అంత కాలం పడితే, దేశాలకీ దేశాలకీ మధ్య సంగతి చెప్పాలా?

గల్ఫు సొమ్ము మన ఊళ్ళల్లో కనబడ్డం మొదలైన రోజులు మీలో పెద్దవాళ్ళకి బాగా గుర్తుంటాయి. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది, 1982లో దేశానికి రంగులొచ్చాయి. దుబాయినించి వచ్చేవాడి భుజంమీద టేప్‌రికార్డరు, పెట్టెలో టీవీ. దుబాయి, కువాయిట్‌ల టీవీ పద్ధతీ మనదీ ఒకటే, పాల్ అనేవారు. అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. సౌదీ వేరే దారి పట్టి ఫ్రెంచివాళ్ళ సెకామ్ పద్ధతి పెట్టుకుంది. ఏ దేశంలో కొన్నాడన్నదాన్ని బట్టి ఇంటిల్లిపాదీ బొమ్మ చూడడమో, చుక్కలు చూడడమో తేలేది. అందుకే ఆ రోజుల్లో "మల్టీసిస్టమ్" అనే మాట ఇంగ్లీషు రానివాళ్ళ నోట కూడా నలిగింది. అమెరికానించి తెచ్చిన వస్తువైతే కరెంటు 110 వోల్టులో 120 వోల్టులో అడిగేది. మన 230 ఇచ్చామా, పొగతో సహా బహుమతి.

వీటన్నిటి మధ్యా ఒక్క వస్తువు మాత్రం ఏ గెట్టూ లేకుండా తిరిగింది. అరచేతంత టేపు కాసెట్టు. 1963లో ఫిలిప్స్ కంపెనీ దాన్ని తెచ్చి, తరవాత ఇతర కంపెనీలు కూడా అదే కొలతతో, అదే వేగంతో ఉచితంగా చేసుకోవచ్చంది. దాంతో ప్రపంచమంతా ఒకే కాసెట్టు. అక్షరం రాని భర్త అబుదాబీలో కూర్చుని మాట్లాడి పంపిస్తే, అక్షరం రాని భార్య ఇక్కడ ఏ ఇంటి టేప్‌రికార్డరులో పెట్టినా ఆ గొంతే వచ్చేది. చుట్టాల చేతుల్లో ఆ కాసెట్టు రావడానికి నెల పట్టేది, నిజమే. కానీ వచ్చింతరవాత మాత్రం "బ్యాండ్ కలుస్తలేదు" అని ఎవరూ అనలేదు. ఒకళ్ళు మంచి కొలత పెట్టి, దాన్ని అందరికీ వదిలేస్తే ఎన్ని ఇళ్ళల్లో గొంతులు వినపడతాయో చూడండి!

ఇప్పుడు సెల్‌ఫోను పుట్టుకకి వద్దాం.

అమెరికాలో జనం వాడుకునే సెల్‌ఫోను వ్యవస్థ 1983 అక్టోబరులో షికాగో నగరంలో మొదలైంది. దానికి ఇచ్చిన మడి 800 మెగాహెర్ట్జ్ ప్రాంతం. ఆ మడి అంతకుముందు టీవీవాళ్ళది. 70నించి 83 దాకా నెంబర్లున్న టీవీ చానళ్ళు సరిగా వాడుకలోకి రాకపోతే, ప్రభుత్వం ఆ నేల తిరిగి తీసుకుని ఫోన్లకిచ్చింది. యూరపువాళ్ళకి ఆ చిక్కు లేదు, వాళ్ళకి 900 దగ్గర మడి ఖాళీగా దొరికింది. 1982లో దేశాలన్నీ కలిసి ఒక సంఘం వేశాయి. 1987లో కోపెన్‌హాగెన్‌లో చేతులు కలిపి ఒకే పద్ధతికి సంతకాలు చేశాయి. 1991 జూలై 1న ఫిన్లాండులో ఆ పద్ధతిలో మొదటి ఫోను మోగింది. అదే జీఎస్ఎం. చాలక 1800 దగ్గర ఇంకో మడి కలుపుకున్నారు. అమెరికాకి 1800 కావాలన్నా కుదరదు, అక్కడ సైన్యమూ ప్రభుత్వమూ ముందే కూర్చున్నాయి. అందుకని వాళ్ళు పైకి జరిగి 1900 తీసుకున్నారు.

అంటే, అప్పట్లో అమెరికావాడి ఫోను 850, 1900 మాత్రమే వినేది. యూరపువాడిదీ, గల్ఫువాడిదీ 900, 1800. ఒకరు టీవీవాళ్ళు వదిలేసిన పొలం, ఒకరు సైన్యం వదలని పొలం - ఈ లెక్కల్లో ఎక్కడా కుట్ర లేదు. ఎవరింటి చరిత్ర వారిది. అన్నదమ్ములు పంచుకున్న పొలంలో బావి ఒకరికీ దారి ఒకరికీ వచ్చినట్టు వచ్చింది. జపాను సంగతైతే మరీ ప్రత్యేకం. వాళ్ళ పద్ధతే వేరు, మడే వేరు. మిగతా ఆసియా అంతా తిరిగిన ఫోను టోక్యోలో దిగితే గడియారంలా టైము చూపించేది.

మన దేశంలో మొదటి సెల్‌ఫోను మాట 1995 జూలై 31న కలకత్తాలో జ్యోతిబసు, ఢిల్లీలో సుఖ్‌రామ్ మాట్లాడుకున్నారు. మనం పట్టుకున్నది యూరపు పద్ధతి, 900 మడి. దాంతో గల్ఫునించి తెచ్చిన ఫోను ఇక్కడా మోగేది. గల్ఫు ఇళ్ళకి అది అదృష్టం. ఏడేళ్ళు పోయాక, 2002 డిసెంబరులో రిలయన్స్ కంపెనీ సీడీఎంఏ అనే ఇంకో పద్ధతి పెద్దఎత్తున మొదలుపెట్టింది. అది అమెరికా వైపునించి వచ్చిన విద్య, 800 మడి. మరుసటి ఏడాది 501 రూపాయలు కట్టి ఫోను పట్టుకుపొమ్మన్నారు. అంతవరకూ ఎస్టీడీ బూతు ముందు వరసలో నిలబడ్డ ఇళ్ళకి ఫోను నడిచి వచ్చింది. అయితే ఒకే ఇంట్లో అన్న జేబులో 900 ఫోను, తమ్ముడి జేబులో 800 ఫోను. ఒకరి సిమ్ ఇంకొకరి దాంట్లో పనిచెయ్యదు. ఒక దేశం రెండు గేజిల రైళ్ళు ఎలా నడిపిందో, మళ్ళీ అలాగే రెండు గేజిల ఫోన్లూ నడిపింది! ఆ సీడీఎంఏ తరవాత మూతపడింది. అదే 800 మడిలో ఇప్పుడు జియోవాళ్ళ 4జీ నడుస్తోంది.

స్మార్ట్‌ఫోను వచ్చాక కష్టాలు తీరాలి కదా? తీరలేదు, తెలివి మీరాయి. 2011లో అమెరికాలో ఒక కంపెనీకోసం చేసిన ఐఫోను 4లో సిమ్ పెట్టే చోటే లేదు, అది సీడీఎంఏ రకం. అంత ఖరీదుది ఇక్కడికి తెస్తే ఫోటోలు చూసుకోవడానికి తప్ప పనికిరాలేదు. 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ దేశంలో మొదటి 4జీ కలకత్తాలో మొదలుపెట్టింది, 2300 మడిలో. అదే ఏడాది వచ్చిన ఐఫోను 5కి 4జీ వుంది, 2300 మడి లేదు. ఇద్దరూ 4జీయే, ఇద్దరికీ మాటల్లేవు.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చినప్పుడు ఇంకో తమాషా. అందులో 2జీ, 3జీ అసలు లేవు. మాట కూడా 4జీ దారినే పోవాలి. దాన్ని వోల్టీ అంటారు. మడి కలిసినా, ఆ వోల్టీ విద్య ఫోనుకి రాకపోతే సినిమాలు వస్తాయి, మాట రాదు. అప్పటిదాకా మాటకోసం పుట్టిన ఫోను, మాట తప్ప అన్నీ వచ్చేదైంది.

మా వీధిలో ఒక పెద్దమ్మ వుంది. ఆమె భర్త కోల్‌ఫిల్లరుగా చేసి రిటైరయ్యాడు. పెద్ద కొడుకు బాయిమీద, చిన్నకొడుకు షార్జాలో. పెద్దవాడు రెండో షిఫ్టు చేసి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రవుతుంది. అప్పటికి షార్జాలో పదిన్నర, చిన్నవాడు కూడా కూలిపని ముగించి, క్యాంపులో వండుకుని తిని పక్కమీదికి చేరే వేళ. గంటన్నర తేడా పుణ్యమా అని అన్నదమ్ముల రోజు అక్కడ కలుస్తుంది. పెద్దమ్మ ఇద్దరికోసమూ మేలుకుని వుండేది. ఒక ఏడు చిన్నవాడు తల్లికి కొత్త ఫోను పంపించాడు. పాత డబ్బా ఫోను మనవడికి ఆటకిచ్చేశారు. కొత్తదాంట్లో వాకిట్లో ఒక గీత, ఇంట్లో సున్న. నాలుగు రాత్రులు ఫోను మోగలేదు. అయిదోనాడు ఆమె నాతో అన్న మాట ఇది: "కోడలేమన్న చెప్పిందో ఏమో బిడ్డా, పోరడు అలిగిండు."

మడి కలవలేదన్న మాట ఆమెదాకా రాలేదు. ఆమెకి తెలిసిందల్లా కొడుకు మాట్లాడ్డంలేదని. ఫోను కంపెనీల పుస్తకాల్లో దాన్ని "నెట్‌వర్క్ అనుకూలత" అంటారేమో, ఆ ఇంట్లో దాని పేరు అలక. పాత సెట్టు మనవడి చేతినించి లాక్కుని సిమ్ అందులో పెట్టాకగానీ ఆ అలక తీరలేదు. నేనీ చరిత్ర అంతా తిరగెయ్యడానికి కారణం ఆ నాలుగు రాత్రులే.

ఆ రకం సెట్టులో ఏం జరిగివుంటుందో అంకెల్లో చెబితే ఆశ్చర్యపోతారు. అరబ్ ఎమిరేట్లలో 4జీకి వాడే మడుల్లో 800 ఒకటి. ఇక్కడ జియో వాడేదాన్నీ చాలామంది 800 అనే అంటారు. పేరొక్కటే, మడి వేరు. అక్కడ టవరు 791నించి 821 మధ్య మాట్లాడి, 832 - 862 మధ్య వింటుంది. ఇక్కడ టవరు 869కి పైన మాట్లాడి, 824 - 849 మధ్య వింటుంది. చెవి వుండాల్సినచోట నోరూ, నోరు వుండాల్సినచోట ఖాళీ. 700 కథా అంతే. అమెరికాలో 2009లో పాత టీవీలు ఆపేసి ఆ నేలని ఒక తీరుగా ముక్కలు చేశారు. మనం ఆసియా పసిఫిక్ దేశాల తీరు ఎంచుకున్నాం. 2016లోనూ 2021లోనూ వేలంలో ఆ మడిని అడిగే నాథుడే లేడు, 2022లో జియో కొన్నది. అమెరికా 700 ఫోనుకి మన 700 తెలియాలని ఏమీలేదు.

ఇదేదో అక్కణ్ణించి ఇక్కడికి వచ్చే ఫోన్లకే అనుకోకండి, ఇక్కణ్ణించి పోయేవాటికీ వుంది. 2022 సంవత్సరంలో అమెరికాలోని మూడు పెద్ద కంపెనీలూ వరసగా 3జీ ఆపేశాయి. కూతురి పురుడుకని అమెరికా పోయిన తల్లి చేతిలో మన దేశపు ఫోను వుంటే, అక్కడి కంపెనీ ఆ సెట్టుకి వోల్టీ ఒప్పుకుంటేనే మాట. లేకపోతే వాట్సాప్ వస్తుంది, మామూలు ఫోను రాదు. ఇంట్లో వైఫై వున్నంతసేపు బాగానే వుంటుంది. వీధిలో తప్పిపోయిననాడు తెలుస్తుంది. మరి అదే ఏడాది అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ పెట్టే గూడే తీసేశారు. అల్లుడు అక్కణ్ణించి తెచ్చిన పద్నాలుగో నెంబరు ఫోనులో మన సిమ్ పెడదామంటే సందే లేదు, కంపెనీ దగ్గరికి పోయి ఈసిమ్ అడిగి వేయించుకోవాలి.

అదే 2022లో అక్టోబరు 1న మన 5జీ మొదలైంది. ముఖ్యమైన మడి 3300నించి 3670 దాకా. ఐఫోన్లలో ఆ మడి ముందే వున్నా, కంపెనీ పంపే కొత్త సాఫ్టువేరు డిసెంబరులో వచ్చేదాకా మన దేశంలో 5జీ పలకలేదు. గేజి కలిసింది, సిగ్నల్‌మ్యాన్ జెండా వూపలేదన్నమాట!

న్యాయంగా ఒకమాట చెప్పాలి. ఇప్పుడు మంచి సెట్లలో ఇరవై, ముప్పై మడులు కూరుస్తున్నారు. ఒకప్పుడు నాలుగు మడులు వుంటే ప్రపంచ ఫోనని గొప్పగా అమ్మేవారు. అంచేత ఖరీదైన ఫోనుకి ఈ బాధ చాలావరకు తగ్గింది. తగ్గనిది చవక ఫోనుకి. ఒక్కో మడికీ లోపల ఒక్కో చిన్న సామాను కావాలి, పరీక్ష కావాలి, ఖర్చు అవుతుంది. చవకలో ఇవ్వాలనుకున్నవాడు తాను అమ్మే దేశపు మడులు వుంచి మిగతావి తీసేస్తాడు. అతని లెక్క అతనిది. కానీ చవక ఫోను కొని సముద్రం దాటించేది ఎవరు? మేడల్లో వుండేవాళ్ళు కాదు. మూడు నెలల జీతం దాచుకుని అమ్మకి పంపేవాడు. 1947లో గీసిన గీతకీ, టీవీవాళ్ళు వదిలేసిన పొలానికీ, సైన్యం వదలని పొలానికీ పన్ను కట్టేది చివరికి అతనే.

గెట్లు సవరించుకోవడానికి దేశాలు మూడు నాలుగేళ్ళకోసారి ఇప్పటికీ కూర్చుంటున్నాయి. 2023 నవంబరు, డిసెంబరు నెలల్లో ఆ ప్రపంచ రేడియో సభ ఎక్కడ జరిగిందో తెలుసా? దుబాయిలో! మన పిల్లలు ఇటుకలు మోసి, సిమెంటు కలిపి కట్టిన ఊళ్ళో, నాలుగు వారాలపాటు, రాబోయే ఫోన్లకి ఏ మడులివ్వాలో మాట్లాడుకున్నారు. కొన్నిచోట్ల మూడు మండలాలూ దగ్గరికొచ్చాయి, కొన్నిచోట్ల ఎవరి దారి వారిదే. ఆ సభలో విమానాలవాళ్ళు, ఉపగ్రహాలవాళ్ళు, ఫోను కంపెనీలవాళ్ళు అందరూ తమతమ మడులకోసం వాదించుకున్నారు. అర్ధరాత్రిదాకా మేలుకునే తల్లుల తరఫున వాదించడానికి ఎవరైనా వుంటే బాగుండేది.

వాళ్ళు తేల్చేదాకా మనం చేసుకోవాల్సింది మనం చేసుకుందాం. మీవాళ్ళు ఎవరైనా బయటి దేశంనించి ఫోను పంపిస్తామంటే "రంగేమిటి, కెమెరా ఎంత" అని అడిగేముందు ఈ అంకెలు చెప్పండి. 4జీకి 3, 5, 8, 40, వీలైతే 1, 41 నెంబర్ల బ్యాండ్లు వుండాలి. 5జీ అయితే ఎన్-78, ఎన్-28. ఇవి ఆ ఫోను మోడల్ నెంబరుతో కంపెనీవాళ్ళ వివరాల్లో వుంటాయి. పేరొక్కటే వున్నా దేశానికో మోడల్ నెంబరు వుంటుంది, చూడాల్సింది ఆ నెంబరే. ఏ కంపెనీకీ తాళం వేసి వుండకూడదు. సిమ్ గూడు వుందో, ఈసిమ్మో కనుక్కోవాలి. మన కంపెనీ వోల్టీ ఆ సెట్టులో పలుకుతుందో లేదో విచారించాలి. ఇవన్నీ గుర్తుండవంటారా? బియ్యం డబ్బామీద సున్నంతో రాసుకోండి. పాలవాడి లెక్క రాసుకోమూ?

ఇంకొక్క మాట. కొత్త ఫోను వచ్చిన ఉత్సాహంలో పాత డబ్బా ఫోనుని పిల్లలకి ఆటకి ఇవ్వకండి. దాన్లో సిమ్ పెట్టుకుని ఒక వారం చూసుకుని, కొత్తదాంట్లో పిల్లాడి గొంతు వంటింట్లోకి కూడా శుభ్రంగా వచ్చాక అప్పుడిద్దురుగాని.